తాండ్ర ఇంట్లో సీలు మిషన్

నేను ఒక సీలు మిషన్‌ని. ప్లాస్టిక్ కవరు మూతిని నా పళ్ల మధ్య పెట్టి పిడి నొక్కితే, వేడికి అది అంటుకుపోతుంది. గుజరాత్‌లో ఏదో రేకుల షెడ్డులో పుట్టాను. విజయనగరంలో ఒక చిప్స్ కొట్టువాడు నన్ను కొన్నాడు. కొట్టు మూతపడ్డాక ఈశ్వరి చవగ్గా బేరమాడి తన ఊరికి తెచ్చుకుంది.

ఈశ్వరి, ఆమె అత్త సన్యాసమ్మ కలిసి మామిడి తాండ్ర చేస్తారు. మామిడి రసం చాపల మీద పూసి, ఎండబెట్టి, దాని మీద మళ్లీ పూస్తారు. ఏటా వేసవి చివర దాలినాయుడనే వ్యాపారి చాపల లెక్కన పట్టుకుపోయి తన పేరుతో అమ్ముకుంటాడు. ఆ ఏడు ఈశ్వరి తాండ్రను ముక్కలు కోసి, కవర్లలో పెట్టి, ఫోనులో అమ్మకానికి ఫొటోలు ఎక్కించింది. సన్యాసమ్మకు అది మింగుడుపడలేదు. నన్నూ ఆమె దొంగను చూసినట్టే చూసేది. నేను అంటించిన ప్రతి కవరునూ లాగి చూసి గాని పక్కన పెట్టేది కాదు.

"మొకం సూడకుండా సరుకిచ్చీడమేటే?" అనేది.

చాలా రోజులు ఒక్కరూ అడగలేదు. తర్వాత ఒకేసారి పెద్ద ఆర్డరు వచ్చింది. హైదరాబాదులో పెళ్లట. ఇంట్లో ఉన్న తాండ్రంతా కావాలట. డబ్బు మాత్రం సరుకు అందాకే ఇస్తారట. ఈశ్వరి కళ్లు మెరిశాయి. నన్ను ప్లగ్గుకు తగిలించింది. సన్యాసమ్మ వచ్చి స్విచ్చి ఆపేసింది.

"అంతా అట్టుకెల్లి, ఆల్లు వద్దంతే?"

సరుకు తిరిగొచ్చేసరికి వానలు పట్టుకుంటాయి. చెమ్మ తగిలిన తాండ్రను దాలినాయుడు కూడా తీసుకోడు. ఏడాది కష్టం పెంటపాలే.

"ఆ బాబు గొంతు ఇనాలి. ఫోన్ సెయ్యి" అంది సన్యాసమ్మ.

ఈశ్వరి స్పీకరు పెట్టింది. అవతలివాడు మర్యాదగా, పట్నం మాటల్లో మాట్లాడాడు. పెళ్లి ఎవరిదని అడిగితే చెల్లెలిదన్నాడు. కల్యాణ మండపం పేరు అడిగితే కాస్త నీళ్లు నమిలాడు. పెళ్లికూతురు పేరడిగేసరికి విసుక్కున్నాడు.

"అవన్నీ మీకెందుకండీ? బేగి పంపించండి."

సన్యాసమ్మ ఫోనుకు దగ్గరగా వంగింది. త్వరగా అనడానికి బేగి అనేది ఈ వైపు వాళ్లే.

"ఒరే నూకరాజూ, మీ మావ బాగున్నాడేట్రా?"

ఫోను కట్టయింది. నూకరాజు దాలినాయుడి మేనల్లుడు. ఏటా ఆటో తెచ్చి ఈ వాకిట్లోంచే తాండ్ర ఎక్కించుకుపోయేవాడు.

ఈశ్వరి గోడకు జారగిలబడింది. అంత ఆశపడ్డందుకు సిగ్గుతో తలెత్తలేకపోయింది. "నువ్వు సెప్పిందే నిజం అత్తా. తీసీద్దాం, ఆ ఫొటోలన్నీ" అంది.

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. పాత ఇనుముకు వేసే సంచీ గుమ్మం పక్కనే ఉంది.

"తీకు" అంది సన్యాసమ్మ. "మనూరు దాటి ఒక్క కవరెల్లనేదు. ఆ దాలినాయుడికప్పుడే ఇంత బయమేస్తందంటే, ఇందల ఏదో ఉందే ఈస్పరీ."

మర్నాడే దాలినాయుడు కబురు పంపాడు, ఇక తాండ్ర తీసుకోనని. సన్యాసమ్మ వెనక్కి తగ్గలేదు. ముందు డబ్బు వేసినవాళ్లకే పంపాలని, ఆర్డరు ఇచ్చినవాళ్లతో ఒక్కసారైనా తను మాట్లాడాలని షరతులు పెట్టింది. కొనేవాళ్లలో సగం మంది విసుక్కుని పోయారు. కొంత సరుకు మిగిలి, బూజు పట్టింది. దాన్ని ఇద్దరూ కలిసి గొయ్యి తీసి పూడ్చారు. మిగతాది మెల్లగా కదిలింది.

ఒక మధ్యాహ్నం భువనేశ్వర్ నుంచి ఒకామె ఫోను చేసింది. తాండ్ర అందిందనీ, వాళ్ల నాన్న తిని ఇంకా కావాలన్నాడనీ చెప్పింది. సన్యాసమ్మ ఆమెను మళ్లీ మొదటి నుంచి ఊరు, ఇల్లు, పిల్లలు అన్నీ అడిగి తెలుసుకుంది. ఫోను పెట్టేశాక ఈశ్వరి అత్త ముఖంలోకి చూసింది.

"గొంతు మంచిదే" అంది సన్యాసమ్మ. "పంపు. డబ్బులడ్డాక."