పెట్టె మీద పెరుగు

అల్లుడి సర్వర్‌కి రోజూ మిట్టమధ్యాహ్నం జ్వరం వచ్చేది.

ఆఫీసువాళ్ళు వద్దనుకున్న పాత కంప్యూటరు తెచ్చుకుని, రెండు కొత్త డిస్కులు బిగించి, సామాన్ల గదిలో అలమర మీద పెట్టాడు. ఇంట్లో ఫోటోలన్నీ అందులోకి ఎక్కించాడు. ఫోటోలు దాచే కంపెనీకి నెలనెలా అద్దె కట్టే బాధ తప్పిందని, మన వస్తువు మన కప్పు కిందే ఉందని కొన్నాళ్ళు రొమ్ము విరుచుకుని తిరిగాడు. ఇంట్లో అందరూ దాన్ని పెట్టె అనేవాళ్ళు.

కూతురిది కుట్టుకొట్టు. తను కుట్టిన రకాలన్నీ ఫోటోలు తీసి ఆ పెట్టెలోనే దాచుకుంది. ఎవరైనా అడిగితే ఫోనులో తెరిచి చూపించాలి. సరిగ్గా జనం వచ్చే వేళకే పెట్టె పడుకునేది.

"ఇవాళ పెళ్ళిబట్టలవాళ్ళొచ్చారు. ఇదిగో చూపిస్తానంటూ ఫోను పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడ్డాను. పక్కకొట్టుకి పోయారు," అంది ఒక సాయంత్రం భోజనాల దగ్గర.

"వేడెక్కి దానంతటదే ఆగిపోతోంది. ఫ్యాను మార్చాను, దుమ్ము దులిపాను. ఆదివారం నేను ఇంట్లో ఉంటే గుండ్రాయిలా ఉంటుంది. ఆఫీసుకి వెళ్తే చాలు, ఒళ్ళు కాలిపోతుంది."

"మీ మీద బెంగేమో! శనివారం దాకా చూస్తాను. నాకు నమ్మకం కుదరలేదా, నా ఫోటోలు కంపెనీకి, మీ పెట్టె పాతసామాన్లవాడికి."

అల్లుడు పెరుగు వడ్డించుకుని, "పెరుగు మాత్రం గడ్డలా ఉందత్తయ్యా. ఈ చలిలో ఎలా తోడు పెడుతున్నారో!" అన్నాడు.

అత్తగారు మురిసిపోయింది. కిటుకు మాత్రం చెప్పలేదు.

మర్నాడు ఇద్దరూ పనులకి వెళ్ళగానే ఎప్పటిలాగే గోరువెచ్చని పాలలో తోడు వేసి, గిన్నె తీసుకెళ్ళి పెట్టె నెత్తిన పెట్టింది. చలికాలంలో ఆ ఇంట్లో అంతకంటే వెచ్చని చోటు లేదు. వేడి పోకుండా గిన్నెనీ పెట్టెనీ కలిపి, చంటిపిల్లకి చుట్టినట్టు పాత ఉన్ని శాలువా చుట్టింది. రోజూ వాళ్ళు వచ్చేలోగా గిన్నె దించి, శాలువా మడిచేసేది. ఆదివారం అల్లుడు పెట్టె విప్పుకుని కూర్చుంటాడు కాబట్టి ఆ రోజు పెరుగు వంటింట్లోనే.

మధ్యాహ్నం చీపురు కోసం ఆ గదిలోకి వెళ్ళింది. పెట్టె ఉబ్బసం మనిషిలా ఆయాసపడుతోంది. శాలువా కిందికి చెయ్యి పోనిచ్చి చటుక్కున తీసేసింది. పెనం మీద పెట్టినట్టుంది.

"ఓసి నా మతి మండా!" అనుకుంటూ శాలువా లాగేసి గిన్నె దించింది. కాసేపటికి పెట్టె రొప్పు తగ్గింది.

ఆ రోజు నుంచీ పెట్టె పడుకోలేదు. అత్తగారు మాత్రం తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. హస్తవాసి మంచిదని వచ్చిన పేరు అల్లుడి ముందు పోగొట్టుకోవాలంటే నోరు రాలేదు.

శనివారం భోజనాల దగ్గర అల్లుడు, "చూశావా, మళ్ళీ పడుకోలేదు!" అన్నాడు.

"ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు."

"ఏమీ చెయ్యకుండా బాగైనది ఏమీ చెయ్యకుండానే పాడవుతుంది. కారణం తెలియనిదాన్ని నమ్ముకుని కొట్టు నడపలేనండీ. రేపే ఫోటోలు తీసేస్తాను."

అల్లుడి మొహం మాడిపోయింది. తలొంచుకుని గరిటె వంచాడు. పెరుగు నీళ్ళలా జారి కంచమంతా పారింది.

అత్తగారు ఇక ఆగలేకపోయింది. "కారణం మీ కంచంలోనే ఉంది బాబూ," అని గిన్నె సంగతీ శాలువా సంగతీ చెప్పేసింది.

"అంటే ఇన్నాళ్ళూ లొట్టలేసుకుంటూ తిన్నది నా సర్వర్ జ్వరాన్నా?" అన్నాడు అల్లుడు.

కూతురు పొలమారేలా నవ్వింది. "ఫ్యాన్లు మార్చే బదులు ఒక్కపూట ఇంటికొచ్చి చూస్తే పోయేదిగా! సరే, కారణం తెలిసింది. పెట్టెని ఉండనివ్వండి."

అల్లుడు చెయ్యి కడుక్కుని అత్తగారిని ఆ గదికి తీసుకెళ్ళాడు. పెట్టె వెనక నుంచి వెచ్చని గాలి వస్తోంది. "నెత్తిన వద్దత్తయ్యా. ఈ గాలి ఎలాగూ వృథాగా పోయేదే. జానెడు దూరంలో స్టూలు వేసి గిన్నె పెట్టుకోండి. శాలువా మాత్రం నాకిచ్చెయ్యండి."

సోమవారం మధ్యాహ్నం కొట్టు నుంచి కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, ఫోటోలు టకటకా తెరుచుకున్నాయి. నువ్వెక్కడున్నావు?"

"వంటింట్లో."

"అక్కడే ఉండు తల్లీ," అని పెట్టేసింది.