ఆరుచుక్కల పేర్ల పట్టీ

నేను ఒక పేర్ల పట్టీని. కాగితం మీద పుట్టలేదు. హనుమకొండలో ఒక పాలిటెక్నిక్ లెక్చరరు లాప్‌టాప్‌లో చిన్న ఫైలుగా పుట్టాను. బరువు లేదు, వాసన లేదు, తెరిచి చూసేవాళ్లూ పెద్దగా లేరు. అయినా నా కథ చెప్పుకోవాలని ఉంది. నాకు మేలు చేసినవాళ్లు అంతమంది ఉన్నారు మరి.

ఆ లెక్చరరు పేరు వేముల సదానందం. తెలుగు పాఠ్యాన్ని బ్రెయిలీలోకి మార్చే ‘ఆరుచుక్కలు’ అనే సాఫ్ట్‌వేర్ రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు అని ఇంటర్నెట్‌లో పెట్టాడు. బాగుచేసేవాళ్లు వచ్చారు. అయితే ఎవరు రాసింది వాళ్ల సొత్తే కదా. వాళ్లు సరేనంటేనే అది నలుగురిదీ అవుతుంది. అందుకని ఆయన ఒక కట్టుబాటు పెట్టాడు. పని పంపిన ప్రతి ఒక్కరూ స్వయంగా నాలో ఒక వరుస రాయాలి: పేరు, ఊరు, ‘ఇది నా సొంత పని, అందరూ వాడుకోవచ్చు’ అన్న మాట. కర్నూలు నుంచి ఒకావిడ ఒక్క కామా సరిచేసి, దానిక్కూడా ఇంత తతంగమా అని విసుక్కుంది. “కామా మీదే గదమ్మా, నేనెట్ల తీసుకుంట?” అన్నాడు ఫోన్లో. పాపం, రాసింది.

ఇంత పట్టుదల గల మనిషి ఒక్కచోట జారాడు, అదీ మర్యాద కొద్దీ. జనగామలో ఖాజాబీ టీచర్ అని ఉన్నారు. పుట్టుకతోనే చూపు లేదు. అంధుల బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పిల్లల వేలు దారి తప్పకుండా లెక్కను వరుసల్లో ఎలా పేర్చాలో ఆమె నెలరోజులు ఫోన్లో ఉదాహరణలతో చెబితే, సదానందం టైపు చేసుకున్నాడు. పెద్దావిడను మళ్లీ ఇబ్బంది పెట్టడమెందుకని ఆమె వరుస కూడా తానే రాసేశాడు. పైగా ‘ఎంతో ఉదారంగా సమర్పిస్తున్నాను’ అని. ఆమె జన్మలో అనే మాట కాదది.

ఆరేళ్లు ఎవరూ నా జోలికి రాలేదు. ఈ వేసవిలో, అంధ విద్యార్థులకు పుస్తకాలు వేసే సంస్థ ఒకటి పదో తరగతి లెక్కల పుస్తకాన్ని ఆరుచుక్కలతో అచ్చువేస్తామంది. వాళ్ల లాయరు వసుంధర ఒక్కో వరుసా చూపించి, ఇది వీళ్లే రాశారా అని అడిగింది. ఖాజాబీ వరుస దగ్గర సదానందం మాట తడబడింది.

“ఆమె స్వయంగా ఒప్పుకోవాలి. లేదంటే ఆ భాగం తీసేయండి,” అంది లాయరు.

ఆ భాగం తీసేస్తే పుస్తకమే లేదు. పిల్లలకు మరో ఏడాది ఎవరో చదివి వినిపించే లెక్కలే గతి.

సదానందం నన్ను బ్రెయిలీలో అచ్చు తీయించి జనగామ వెళ్లాడు. అలా నాకు మొదటిసారి ఒళ్లంటూ వచ్చింది. ఖాజాబీ వేలు తన వరుస మీద ఆగింది.

“నేనిట్ల అన్ననా సార్?”

“అనలే టీచర్. నేనే రాసిన. తప్పయింది.”

“ఇచ్చుడు నాకిష్టమే. కని నా మాట నన్నడగకుండ మీరెట్ల రాస్తరు? చూపు లేనోళ్లకు సంతకం గూడ ఉండదనుకున్నరా?”

ఆమెకు కనబడదని తెలిసి కూడా ఆయన తల దించుకున్నాడు.

“మొత్తం చదివినంక చెప్త,” అన్నారామె. చదివారు. నలభై రెండు వరుసలూ, కర్నూలు కామాతో సహా. అంత ఓపికగా నన్ను తాకినవాళ్లు లేరు. నాకు ప్రాణం లేచివచ్చింది. చివరికి వచ్చి, మళ్లీ మొదటికి వెళ్లి, అడిగారు.

“అందరున్నరు. మీదేది సార్?”

సదానందం గబగబా వెతికాడు. లేదు. సాఫ్ట్‌వేర్‌లో ముప్పావు వంతు రాసినవాడు, అందరి దగ్గరా మాట తీసుకున్నవాడు, తన మాట ఇవ్వడం మరిచాడు. ఉన్న పేర్లను లాయరు అడిగింది గానీ, లేని పేరు ఆమెకూ తట్టలేదు.

“రేపు మీకేమన్నయితె ఎవరినడగాలె? ముందు మీరు రాయుండ్రి. తర్వాత నేను రాస్త.”

ఆయన రాశాడు. ఆమె లాప్‌టాప్ ముందుకు లాక్కుని, ఆ ఉదారమైన వాక్యాన్ని తీయించి, బ్రెయిలీ చుక్కకొకటిగా ఆరు మీటలతో తన వరుస తానే కొట్టుకున్నారు. వేళ్లు తడుముకోలేదు.

జూన్‌లో పుస్తకాలు బడులకు చేరాయి. చివరి పుటల్లో నేనూ ఉన్నాను. ఇన్ని వేళ్లు నన్ను చదువుతాయని కలలో కూడా అనుకోలేదు. అందరికీ నా దండం. మొన్న నిజామాబాదు నుంచి చూపు లేని టీచరొకాయన ఫోన్ చేసి, పదకొండో పుటలో లెక్క ఇంతకంటే బాగా ఎలా పేర్చవచ్చో చెప్పాడు. కంప్యూటర్ అలవాటు లేదు, నా పేరు మీరే రాసుకోండి సార్ అన్నాడట.

సదానందం లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని నిజామాబాదు బస్సెక్కాడు.