ఇత్తడి మోత ఆరేదాకా

స్పీకరు జరిగింది నాలుగు వేళ్ల మేర. రగడ మాత్రం ఇల్లంతా పాకింది.

జరిపింది అత్తగారు. ఇస్త్రీ బల్ల గోడవారగా పట్టడం లేదని హాల్లో కుడివైపు స్పీకరును మోకాలితో ఒక్క నెట్టు నెట్టి, నిశ్చింతగా బట్టలు మడత పెట్టుకుంటోంది. ఇంటి వెనక గదిని స్టూడియో చేసుకుని రాక్ బృందాల పాటలు రికార్డు చేసే కొడుకు, అప్పుడే బయటికి వచ్చి ఓ పాట పెట్టి మొహం ముడుచుకున్నాడు.

"ఎవరు కదిపారు దీన్ని?"

"నేనే. భూమిలో పాతిన రాయా ఏంటి, కదపకూడదనడానికి?"

"సౌండంతా చచ్చిపోయిందమ్మా. సింబల్స్ మీద దుప్పటి కప్పినట్టుంది."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే! ఆ ఇత్తడి పళ్ళేల మోత వీధి చివరిదాకా వినపడి చస్తుంటే, నీకు దుప్పటి కప్పినట్టుందా?"

"నీకు మోతే వినపడుతుంది. నేను చెప్పేది మోత గురించి కాదు."

"అవునులే, మోత మాకు, మర్మం నీకు."

కోడలు చేతిలో పని వదిలేసి వచ్చింది. నేలమీద ఆయన ఎప్పుడో అతికించుకున్న గుర్తులున్నాయి. స్పీకరును సరిగ్గా వాటి మీదికి జరిపి, అదే పాట మళ్ళీ పెట్టింది.

"ఊహూఁ. అలాగే ఉంది" అన్నాడాయన.

ఆమెకు సింబల్స్ దెబ్బ దెబ్బకీ విడివిడిగా వినిపిస్తున్నాయి. బీరువా మీంచి బూడిదరంగు అట్ట ఉన్న పాత రికార్డు తీసి పెట్టింది.

పెళ్ళైన కొత్తలో అందరు మొగుళ్ళూ ఫొటోలు చూపిస్తే, ఈయన తన రికార్డుల బీరువా తెరిచాడు. "ఇది డ్రమ్ముల కోసం దాచుకున్నది. ఇది బేస్ గిటారు కోసం. ఇందులో పాటలు చెత్త, రికార్డింగు మాత్రం బంగారం" అంటూ ఒక్కొక్కటే పరిచయం చేశాడు. వియ్యాలవారిని చూపించినట్టే చూపించాడు. డిగ్రీ చదివిన పిల్లే అయినా, మొదట్లో ఆ హెవీ మెటల్ రాక్ పాటలన్నీ ఆమెకు రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టే వినిపించాయి. ఒకే గిటారు వరసను రెండుసార్లు వాయించి, చెరో పక్క స్పీకర్లో పెడితే గోడ లేచినట్టు ఎలా ఉంటుందో, గొంతు కోసం మధ్యలో చోటు ఎలా వదులుతారో ఆయనే విప్పి చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆమెకే సొంత ఇష్టాలు పుట్టుకొచ్చాయి. గాయకుడు ఊపిరి పీల్చుకునే చప్పుడు కోసేయకుండా ఉంచిన ఆల్బం ఒకటుంది. అది ఆమెది.

ఈ బూడిదరంగుది మాత్రం ఇద్దరిదీ. చివరి పాట చివర డ్రమ్మరు సింబల్‌ను ఒక్కటి కొట్టి వదిలేస్తాడు. ఆ మోత పలచబడుతూ, పలచబడుతూ, దారప్పోగంతై ఆరిపోతుంది. దాన్ని ఎవరూ కత్తిరించలేదు. ఇద్దరూ గోడకానుకుని, కళ్ళు మూసుకుని వినేవాళ్ళు. ముందు "అయిపోయింది" అన్నవాళ్ళు ఓడినట్టు. ఎప్పుడూ ఓడేది ఆమే. ఆమెకు నిశ్శబ్దమైపోయాక కూడా ఆయన వేలెత్తి, "ఉష్, ఉంది, ఇంకా ఉంది" అనేవాడు. ఆ ఎత్తిన వేలంటే ఆమెకు ప్రాణం.

ఇప్పుడు పాట చివరికొచ్చింది. సింబల్ మోగింది.

"అయిపోయింది" అని లేచాడాయన. చెప్పులేసుకుని వెనక గదికి వెళ్ళిపోయాడు.

మోత ఇంకా హాలు నిండా ఉంది. ఆమె ఒక్కతే కూర్చుని, అది ఆరేదాకా వింది. అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు. గెలిచిన ఆట అంత చేదుగా ఉంటుందని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

సాయంత్రం బృందం కుర్రాళ్ళు దిగారు. అందరికీ నడుము దాకా జుట్టు. పాడేవాడికి మాత్రం నున్నటి గుండు. వాడి పేరే గుండు అయిపోయింది. తమ కొత్త ఆల్బంలో గొంతూ వాద్యాలూ పాళ్ళు చూసి ఆయన కలిపి ఉంచిన పాట వినడానికి వచ్చారు. టీ ఇచ్చి ఆమె కూడా గుమ్మంలో నిలబడింది.

పాట మొదలవగానే సింబల్స్ చెవిలో సూదుల్లా దిగాయి. పోయిన ఆల్బంలోనూ ఇలాగే అనిపిస్తే, ఈ కాలం పద్ధతేమోలే అని సరిపెట్టుకుంది. ఆయన తన చెవికి వినపడేదాకా వాటిని పెంచుకుంటూ పోతున్నాడని ఇప్పుడు తెలిసింది.

గుండు తల నిమురుకున్నాడు. "అన్నా, అంతా అదిరింది. సింబల్సే కొంచెం... గుచ్చుకుంటున్నాయి."

"ఫోన్లో వినీ వినీ మీ చెవులు పాడైపోయాయిరా" అని నవ్వి, ఆయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నీ చెవి సంగతి నాకు తెలుసు."

అబద్ధం నాలుక చివరే ఉంది. చెప్తే ఈ పూట గడిచిపోతుంది. కానీ ఆ పాట ఈయన పేరుతో బయటికెళ్తుంది.

"గుచ్చుకుంటున్నాయండీ."

ఆయన నవ్వు ఆగింది. సింబల్స్ మీట మీద వేలు పెట్టి, "ఎక్కడిదాకా దించాలో చెప్పు" అన్నాడు.

"ఇంకొంచెం. ఇంకా... ఇంకొంచెం. ఆఁ, చాలు."

పాట కుదురుకుంది. కుర్రాళ్ళు తలలూపారు. ఆమె మాత్రం ఆయన మొహమే చూస్తోంది. ఆయనకు ఇప్పుడు సింబల్స్ వినపడవు, ఆ డ్రమ్మరు ఉత్త గాల్లో చేతులు ఆడిస్తున్నాడన్నమాట. మీట మీంచి వేలు తీయకుండా పాట చివరిదాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత గుండు భుజం మీద చెయ్యేసి గేటుదాకా నడిచాడు. అక్కడే చాలాసేపు నిలబడి ఏదో చెప్పాడు. గుండు ఒక్కసారి కూడా తలెత్తలేదు.

రాత్రి కూతురితో కలిపి ఇంట్లో నలుగురూ భోజనాలకు కూర్చున్నారు. ఆయన అన్నం కలుపుతూ, ఎవరివైపూ చూడకుండా అన్నాడు.

"ఈ ఆల్బం మిక్సింగ్ నేను చేయట్లేదు. వేరేవాళ్ళ చేత చేయించుకోమన్నాను. ఎందుకో కూడా చెప్పేశాను."

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. "ఏమైందిరా?"

"సన్నటి చప్పుళ్ళు నాకు వినపడట్లేదమ్మా. కొన్నాళ్ళుగానే."

ఆవిడ కొడుకు కంచంలో అడక్కుండానే కూర వేసింది.

"మరి మన స్టూడియో, నాన్నా?" అంది కూతురు.

"ఉంటుంది. రికార్డింగు చేస్తాను. ఏ డ్రమ్ము ముందు మైకు ఎక్కడ పెట్టాలో ఈ చేతులకు తెలుసు. కలపడం మాత్రం ఇంక నాది కాదు." ఒక ముద్ద తిని, భార్య వైపు తిరిగాడు. "రేపు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. నువ్వూ రావాలి. ఆయన చెప్పేది నాకు సగమే వినపడొచ్చు."