పరీక్షకో బోసినోరు

లోకంలో అందరూ పళ్ళు గట్టిగా ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. కట్టుడు పళ్ళలో పీజీ చదివే మేం మాత్రం ఒక్క పన్ను కూడా లేని మనిషిని పంపించమని పెట్టుకుంటాం. ఆఖరి ప్రాక్టికల్‌లో అలాంటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ల ముందు దవడల కొలతలు తీసి, పళ్ళ సెట్టు తయారుచేసి నోట్లో అమర్చాలి. ఆ మనిషిని కాలేజీ ఇవ్వదు. మనమే వెతుక్కోవాలి, మనమే బతిమాలుకోవాలి, పరీక్షదాకా మనమే కాపాడుకోవాలి. పేషంటు రాకపోతే పరీక్ష లేదు, మళ్ళీ ఆరునెలలు ఆగాల్సిందే.

నాకు దొరికినాయన ఒకప్పటి లారీ డ్రైవరు. ఎంత చక్కటి నోరనుకున్నారు! గట్టి చిగుళ్ళు, ఎక్కడా ఒక పుండు లేదు, గరుకు లేదు. మా బ్యాచ్ అంతా కుళ్ళుకుని చచ్చారు. "తాతా, జలుబు చెయ్యలేదు కదా? ఊళ్ళు తిరగట్లేదు కదా?" అని వారం వారం ఫోన్ చేసేదాన్ని. తీరా పరీక్ష మూడు రోజులుందనగా ఆయనే ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మా, మనవరాలికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయంట. బస్సెక్కేశాను. పళ్ళదేముందమ్మా, వచ్చాక పెట్టించుకుంటాలే."

ఏమంటాను? జాగ్రత్తగా వెళ్ళు తాతా అన్నాను. ఫోన్ పెట్టేసి ఇంట్లో అందరి మీదా అరిచాను. అమ్మ పోయాక ఇంట్లో అందరూ అంటే నాన్న ఒక్కడే.

నాన్న కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు సర్దుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. పై పళ్ళన్నీ ఏనాడో పోయాయి. అక్కడున్నది నేను మొట్టమొదట చేసిన సెట్టు. కింద మాత్రం ముందు పళ్ళు ఆరు మిగిలి, రాళ్ళలా ఉండేవి. "మా ఆరుగురు అన్నదమ్ములు" అనేవాడు వాటిని. సెట్టు ఊడొస్తుంది నాన్నా అని నేను మొత్తుకుంటున్నా వినకుండా, ఆ ఆరింటితోనే మొక్కజొన్న కంకి కొరికేవాడు.

"ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణించి తేను? నీకా ఆరు పళ్ళూ లేకపోతే నిన్నే కూర్చోబెట్టేదాన్ని, పీడా పోయేది!" అన్నాను. కోపంలో నోటికొచ్చింది అనేశాను.

"అంతేనా?" అన్నాడు నాన్న. అన్నం కలుపుకోసాగాడు.

మర్నాడు పొద్దుటినుంచీ బోసినోళ్ళ వేటలో పడ్డాను. పార్కు, బస్టాండు, వృద్ధాశ్రమం. ముసలివాళ్ళు నవ్వితే చాలు, నా కళ్ళు వాళ్ళ నోట్లోకే. ఒకాయనకి ఇంకా రెండు మిగిలాయి. ఒకావిడకి చిగుళ్ళు అరిగి చదునైపోయాయి, సెట్టు నిలవదు. మరొకాయన "ఈ వయసులో కొత్త పళ్ళతో ఎవర్ని కొరకాలమ్మా?" అన్నాడు. సాయంత్రం డిపార్ట్‌మెంట్‌లో కూలబడితే, నా బ్యాచ్‌మేట్ తన పేషంటు కొలతలు చూసుకుంటూ, "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం, ఎవరో ఒకర్ని పట్టుకురావే" అంది. దాని పేషంటు దానికి ఉన్నాడు, ఎన్నైనా అంటుంది.

అప్పుడొచ్చాడు నాన్న. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కింది పెదవి ఉబ్బిపోయింది. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. ఎవరూ చెప్పకుండానే కుర్చీ ఎక్కి, జేబులోంచి పై సెట్టు తీసి నా చేతిలో పెట్టి, నోట్లోంచి దూది లాగి నోరు తెరిచాడు.

ఆరుగురు అన్నదమ్ములూ లేరు. ఆరు గుంటలు, నెత్తురు.

"ఎవరు పీకారు నాన్నా?"

"మన వీధి చివర డాక్టరే. కదలని పళ్ళు పీకనని మొరాయించాడు. మా అమ్మాయే పంపింది, నీకంటే పెద్ద చదువు చదువుతోంది అన్నాను. దాంతో పీకేశాడు." ముందు పళ్ళు లేక మాటలు గాలిలా వస్తున్నాయి. "ఊఁ, మొదలుపెట్టు తల్లీ. బోసినోరేగా నీక్కావాల్సింది?"

"నాన్నా!" అని అరిచేశాను. నా అరుపు విని మా ప్రొఫెసర్ మేడమ్ వచ్చారు. లైటు దించి చూశారు, చాలాసేపు చూశారు.

"ఈ గుంటలు పూడాలి, ఎముక సర్దుకోవాలి. మూడు నెలలైనా ఆగాలి కదమ్మా," అన్నారు మెల్లగా.

నాకు తెలియదా? మా జూనియర్లని అడిగినా చెప్తారు. తెలియంది నాన్నకే. పళ్ళు లేకపోతే చాలనుకున్నాడు పిచ్చి మారాజు. మానిన నోరు కావాలని ఆయనకెవరు చెప్పారు? నెత్తీ నోరూ కొట్టుకోవాలనిపించింది. తిట్టాలనిపించింది. ఆయన చొక్కా కాలరు మీద నెత్తుటి మరక చూశాక ఏడుపు తప్ప ఏదీ రాలేదు. ఇన్నేళ్ళు చదివాను, అందులో ఒక్క పన్నునైనా వెనక్కి తేలేను.

"ఏమంటున్నారు మేడమ్ గారు?" అన్నాడు నాన్న.

"ఇప్పుడు పనికిరాదు నాన్నా. మానాలి."

నాన్న చేతిరుమాలు తిప్పి మడిచాడు. "పరీక్ష మళ్ళీ ఎప్పుడన్నావు?"

"ఆరునెలలకి."

"అప్పటికి మానుతుందిగా?"

"మానుతుంది."

"ఇంకేం మరి. నేనే నీ పేషంటుని. ఆ డ్రైవర్ని మాత్రం నమ్మకు."

నవ్వబోయాడు. గడ్డం మీదికి నెత్తురు జారింది. తుడిచి, కొత్త దూది మడిచి గుంటల మీద పెట్టాను.

"గట్టిగా కొరికి పట్టుకో నాన్నా," అన్నాను. రోజూ పేషంట్లందరికీ చెప్పే మాట, అలవాటుగా వచ్చేసింది.

దేంతో కొరుకుతాడు? నోరు మూసుకుని, నేను చెప్పాను కదా అని, ఉన్న చిగుళ్ళే గట్టిగా బిగించి కూర్చున్నాడు.