బావ బండికి బాణం గుర్తు

కార్బురేటర్లోంచి తీసిన చిన్న ఇత్తడి జెట్టును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కిటికీ వెలుతురుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు అతను. సూదిమొన పట్టేంత రంధ్రం. అందులోంచి ఆకాశం కనపడితే శుభ్రమైనట్టు. కనపడలేదు. మళ్లీ పెట్రోల్లో ముంచాడు.

వీధిలో అందరూ అతన్ని నిదానం అంటారు. బండి ఎప్పుడిస్తావని ఎవరడిగినా "నిదానంగా చేద్దామండీ" అనడం అతనికి అలవాటు. ఆ మాటను మొదట పట్టుకుని పేరుగా మార్చింది అక్క మొగుడు. అది ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి పక్క పేటకి పాకింది. ఇప్పుడు మీటరు చూడ్డానికి వచ్చే మనిషి కూడా గేటు దగ్గర నిలబడి "నిదానంగారూ" అనే పిలుస్తాడు.

నూలు మిల్లులో యంత్రాలు బాగుచేసే పని ఇరవై ఆరేళ్లు చేశాడు. మిల్లు మూతపడ్డాక ఇంటి పక్క సందుకు రేకులు కప్పి గ్యారేజీ చేసుకున్నాడు. రెండు బండ్లు పడతాయి. మూడోది తెస్తే తను బయట నిలబడాలి. గోడ మీద ఏ పానా ఎక్కడ ఉండాలో నల్లరంగుతో ఆకారాలు గీసి పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఏ ఆకారమూ ఖాళీగా ఉండకూడదు. కళ్లద్దాల కాడ ఒకటి ఊడిపోతే క్లచ్ వైరు పోగుతో కట్టుకున్నాడు. గోళ్ల కింద నలుపు ఏ సబ్బుకీ లొంగదు. అతని భార్య ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. పొద్దున్నే వెళ్తూ "ఆ చేతుల్తో గిన్నెలు ముట్టుకోకు" అని చెప్పి వెళ్తుంది. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ చెబుతూనే ఉంది, అతను తలూపుతూనే ఉన్నాడు.

రెండోసారి ఎత్తి చూస్తే జెట్టులో చుక్కంత ఆకాశం కనపడింది. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది.

అక్క. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుంది. చెప్పులు విప్పలేదు.

"మీ బావ పదింటికి వస్తానన్నాడు. ఈలోగా నేను వెళ్లిపోవాలి."

"ఏమైందక్కా?"

"మొన్న మంగళవారం మందుల షాపుకని వెళ్లాడు. మూడు వీధుల అవతల. మూడు గంటలైనా రాలేదు. ఎవరో టైలరు ఫోన్ చేశాడు. మీ ఇంటాయన మా షాపు ముందు బండి ఆపుకుని కూర్చున్నారండీ, ఎటు వెళ్లాలో గుర్తు రావట్లేదంటున్నారు, మీ నంబరు మాత్రం చూడకుండా చెప్పారు అన్నాడు." ఆవిడ సంచీ పట్టీని వేలికి చుట్టి విప్పింది. "ఆ వీధిలో ఇరవై ఏళ్లు పార్సిళ్లు ఇచ్చాడురా. ఎవరింట్లో కుక్క కరుస్తుందో, ఎవరింట్లో కరిచినట్టు నటిస్తుందో కూడా తెలుసు ఆయనకి."

"డాక్టరు దగ్గరికి వెళ్లారా?"

"వెళ్లాం. ఏదో పేరు చెప్పాడు. పేరు తెలిస్తే తగ్గుతుందా? మెల్లగా ఎక్కువవుతుందట."

నిదానం గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"ఆ బండి స్టార్ట్ కాకుండా చెయ్యరా తమ్ముడూ," అంది అక్క. "ఇంజను పోయింది, ఇక బాగవదు అని చెప్పు. నేను చెబితే పోట్లాడతాడు. డాక్టరు చెబితే వినలేదు. బండి సంగతి నువ్వు చెబితే నమ్ముతాడు."

మనుషుల గురించి అవసరమైతే నిదానం అబద్ధాలాడేవాడు. మిల్లులో పక్కవాడు ఆలస్యంగా వస్తే బాత్రూములో ఉన్నాడని చెప్పేవాడు. బండి గురించి మాత్రం ఏనాడూ ఆడలేదు. బాగున్న బేరింగును పోయిందని చెప్పి మార్చిన పాపాన పోలేదు.

"చూద్దాంలే అక్కా," అన్నాడు.

"చూద్దాం అనకు. చూస్తూ ఉంటే ఎవరినైనా గుద్దేస్తాడు." లేచి రెండడుగులు వేసి ఆగింది. "నేను వచ్చినట్టు చెప్పకు."

బావ పదింటికి రాలేదు. పదకొండున్నరకు వచ్చాడు.

చప్పుడు మలుపులోనే తెలిసింది. చెయిను వదులైంది, వెనక బ్రేకు షూలు అరిగాయి. బండి గ్యారేజీలోకి తెచ్చి స్టాండేసి దిగాడు బావ. పొడుగాటి మనిషి. ముప్ఫై నాలుగేళ్లు పార్సిళ్ల సంచీ మోసిన కుడి భుజం ఎడమదాని కంటే కిందికి ఉంటుంది. అందువల్ల ఎప్పుడూ ఏదో వినడానికి వంగినట్టు కనిపిస్తాడు. ఆఫీసులో ఆయన్ని పటం అని పిలిచేవారు. కొత్తగా చేరిన వాళ్లు చిరునామా తెలియకపోతే కాగితాలు చూసేవారు కారు, ఆయన్ని అడిగేవారు.

"రోడ్డు తవ్వేశారురా. చుట్టూ తిరిగి రావాల్సొచ్చింది," అన్నాడు.

ఆ దారిలో ఎవరూ ఏమీ తవ్వలేదని నిదానానికి తెలుసు. "తవ్వడం వాళ్లకి సరదా బావా," అన్నాడు.

"అడిగింది తెచ్చావా? నాకు కళ్లు సరిగ్గా ఆనడం లేదు. బోర్డులు కనపడ్డం లేదు. దారి చెప్పేది ఒకటి బిగించు."

నాలుగు రోజుల కిందట ఫోన్లో అడిగాడు. నిదానం విడిభాగాల షాపుకెళ్లి, చూసి నచ్చింది ఉంచుకుంటానని మూడు రకాలు తెచ్చాడు. బల్ల మీద పాత కాగితం పరిచి మూడూ వరసగా పెట్టాడు.

మొదటిది హ్యాండిలుకు ఫోన్ బిగించే క్లాంపు. బావ ఫోన్ తీసి అందులో పెట్టి చూశాడు. పెట్టగానే ఎవరో ఫోన్ చేశారు. దారి మాయమై ఆ మనిషి ముఖం తెర నిండా వచ్చింది. బావ ఉలిక్కిపడి, ఆ ముఖం వంక చూస్తూ ఉండిపోయాడు. ఫోన్ ఆగిపోయాక "ఎవరో," అన్నాడు మెల్లగా. అది ఆయనతో పాటు రిటైరైన స్నేహితుడు. ఇంజను అదురుకు ఫోన్ కెమెరాలు పాడవుతాయని చెప్పి నిదానం దాన్ని పక్కన పెట్టేశాడు. ఆ మాట నిజమే.

రెండోది హెల్మెట్లో పెట్టుకునే స్పీకరు. బావ తగిలించుకుని విన్నాడు. "రెండు వందల మీటర్ల తరవాత ఎడమకు తిరగండి" అని ఒక ఆడగొంతు పలికింది. బావ వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవర్రా ఈవిడ?"

"మిషను బావా."

"మీ అక్కకి తెలిస్తే ఊరుకోదు. ముప్ఫై ఐదేళ్లుగా నాకు ఎటు తిరగాలో ఆవిడే చెబుతోంది." ఇద్దరూ నవ్వారు. కానీ బావ వెనక్కి తిరిగిన తీరు నిదానం చూశాడు. నడిరోడ్డు మీద అలా తిరిగితే? అదీ పక్కకు వెళ్లింది.

మూడోది గుండ్రటి చిన్న తెర. చేతిగడియారం కంటే కాస్త పెద్దది. అందులో మ్యాపు లేదు, రంగులు లేవు. నల్లటి తెర మీద ఒక తెల్ల బాణం, దాని కింద ఎంత దూరమో ఒక అంకె. అంతే. ఎటు వెళ్లాలో బాణం అటు తిరుగుతుంది.

బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తను అటూ ఇటూ తిరిగాడు. బాణం కూడా తిరిగింది.

"ఇది బాగుంది. తక్కువ మాట్లాడుతుంది. నీలాగ."

బిగించడానికి మూడు గంటలు పట్టింది. హ్యాండిలు మధ్యలో, స్పీడోమీటరుకు అడ్డు రాకుండా, అదురు తగలకుండా కింద రబ్బరు వేసి బిగించాడు. వైరును ట్యాంకు కింది నుంచి తెచ్చి, హ్యాండిలు పూర్తిగా తిప్పినా లాగకుండా వదులుంచి, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టి బ్యాటరీకి కలిపాడు. తాళం తిప్పితేనే వెలగాలి, తాళం తీస్తే ఆరిపోవాలి. లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. బండి ఎలాగూ విప్పాడు కనక బ్రేకు షూలు మార్చాడు, చెయిను బిగించాడు. బావ రంగు డబ్బా మీద కూర్చుని, అడక్కుండానే కావలసిన పానా అందించాడు. ఒక్కసారి కూడా తప్పు సైజు ఇవ్వలేదు.

స్పార్కు ప్లగ్గు విప్పినప్పుడు బావ మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. నిదానం చేతిలో ప్లగ్గు ఉంది. దాని తెల్ల పింగాణీని బల్ల అంచుకు ఒకసారి తాకిస్తే చాలు, బీటలు వారుతుంది. బండి ఇక్కడే ఉండిపోతుంది. రేపు ఇంకేదో దొరకలేదని చెప్పొచ్చు, ఎల్లుండి మరొకటి. నిదానమే కదా, ఎవరికీ అనుమానం రాదు.

ఈ మనిషే తనకు బండి నేర్పింది. అప్పటికి నిదానానికి పదహారేళ్లు, అక్కకు పెళ్లై రెండు నెలలు. ఒక ఆదివారం బావ అతన్ని వెనక కూర్చోబెట్టుకుని సముద్రం చూపిస్తానని బయల్దేరాడు. దారి చీలినచోట ఎవరినీ అడగలేదు, ఆగలేదు. నీకు ఈ దారి తెలుసా బావా అని అడిగితే "తెలీదురా, తప్పిపోతే ఇంకో దారి తెలుస్తుంది కదా" అన్నాడు. నిజంగానే రెండుసార్లు తప్పిపోయారు. సముద్రం చేరేసరికి మధ్యాహ్నమైంది. తిరుగు ప్రయాణంలో హ్యాండిలు అతని చేతికిచ్చి తను వెనక కూర్చున్నాడు. భయపడకు అని కూడా అనలేదు, వెనక కునుకు తీశాడు. ఆ తరవాత నిదానం అంత దూరం మళ్లీ వెళ్లలేదు. దూరం వెళ్లేవాళ్ల బండ్లు బాగుచేస్తూ ఉండిపోయాడు. అందుకు ఎప్పుడూ బాధపడలేదు. ఈవేళే ఎందుకో ఆ వెళ్లని దూరం ఒకసారి లెక్కకొచ్చింది.

పాత ప్లగ్గు పక్కన పెట్టి, కొత్తది తీసి, ముందు వేళ్లతోనే తిప్పి, చివర పానాతో కాస్త బిగించాడు. బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది.

"ఇంటికి పెట్టు," అన్నాడు బావ.

నిదానం అందులో బావ ఇంటిని నమోదు చేశాడు. ఆరు కిలోమీటర్లు. బాణం గేటు వైపు తిరిగింది. బావ హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, నిదానం తన పాత స్కూటరు తీసి వెనకే వెళ్లాడు. మధ్యలో ఎప్పుడూ రెండు మూడు బండ్లు ఉండేలా చూసుకున్నాడు.

బావ బాగానే నడుపుతున్నాడు. వీపు నిటారుగా, మోచేతులు వదులుగా. గుంతలొచ్చినచోట కొద్దిగా లేచి కూర్చుంటున్నాడు. బాణం చెప్పినచోటల్లా ముందుగా లైటు వేసి, వేగం తగ్గించి తిరిగాడు. అక్కకి ఏం చెప్పాలో నిదానం మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టాడు. ఇంటి నుంచి షాపుకీ, షాపు నుంచి ఇంటికీ అయితే పరవాలేదక్కా, అనాలి.

పెద్ద కూడలిలో ఎర్రలైటు పడింది. బావ గీతకు ఇవతలే ఆగాడు. పచ్చలైటు పడింది. పక్క బండ్లన్నీ కదిలాయి. బావ కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక కారతను తల బయటపెట్టి ఏదో తిట్టాడు. ఇంతలో బండి ఒక్క ఉదుటున ముందుకు దూకి, ఆగి, మళ్లీ దూకింది. రోడ్డు దాటుతున్న ఒక తల్లి చేతిలోని పిల్లను వెనక్కి లాక్కుంది. తరవాత బండి సర్దుకుని మామూలుగా సాగిపోయింది.

ఇంటి ముందు బావ సరిగ్గా గేటు దగ్గర ఆగాడు. తెర మీద బాణం పోయి చుక్క వచ్చింది. స్టాండేసి, చేతుల తోలు తొడుగుల వేళ్లు ఒక్కొక్కటే లాగి, రెండూ తీసి ట్యాంకు మీద పెట్టాడు. నిదానం కాస్త దూరంలో స్కూటరు ఆపి, ఇప్పుడే అటుగా వచ్చినట్టు నిలబడ్డాడు.

"రారా. నువ్వు మార్కెట్టు దగ్గర్నించీ కనపడుతూనే ఉన్నావు," అన్నాడు బావ. "అద్దం చూసే అలవాటు ఇంకా పోలేదు."

నిదానం తలదించుకుని దగ్గరికి వచ్చాడు.

"బాగా చేశావు. ఒక్కచోట కూడా తప్పు చెప్పలేదు అది." బావ సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "కూడలి దగ్గర చూశావుగా?"

"చూశాను బావా."

"బాణం ముందుకే చూపిస్తోంది. వెళ్లాలని తెలుసు. గేరు ఎక్కడుంటుందో తెలీలేదు. చేతులతో వెతుక్కున్నాను. కాలి దగ్గరుంటుందని కాలికే గుర్తొచ్చింది, నాకు కాదు." సీటు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. "ఆ పాప నీలం రిబ్బను కట్టుకుంది. అది మటుకు బాగా గుర్తుంది."

బండిలో లోపమైతే ఏ మాట చెప్పాలో నిదానానికి తెలుసు.

బావ తాళం తీశాడు. చిన్న తెర ఆరిపోయింది. తాళాన్ని నిదానం చేతిలో పెట్టి, అతని వేళ్లు తనే మూశాడు.

"ఎవరికైనా ఇచ్చెయ్. దూరం తిరిగేవాడికివ్వు. ఇంట్లో పెడితే తుప్పు పడుతుంది."

"రేపొచ్చి తీసుకెళ్తాను."

"రేపే రా. నిదానంగా చేద్దామనకు."

చప్పుడుకి అక్క తలుపు తీసుకుని బయటికొచ్చింది. మొగుణ్ని చూసింది, తమ్ముడి గుప్పిట్లోంచి వేలాడుతున్న తాళం గొలుసును చూసింది. కోరుకున్నదే జరిగింది, అయినా ఆవిడ ముఖంలో సంతోషం రాలేదు. గుమ్మం పట్టుకుని, ఎవరో కొట్టినట్టు నిలబడిపోయింది.

"ఇకనుంచి బస్సే," అన్నాడు బావ ఆవిడతో. "నువ్వు కిటికీ పక్కన కూర్చో. నేను ఎక్కడ దిగాలో చెప్పు."

ఆవిడ మెట్లు దిగి వచ్చి, ఆయన మోచేతి కింద చెయ్యి పెట్టింది. మూడు మెట్లు. ఆయన వాటిని చూసుకోకుండానే ఎక్కాడు. తలుపు దగ్గర వెనక్కి తిరుగుతాడేమోనని నిదానం ఎదురుచూశాడు. తిరగలేదు. ఆ తరవాత ఆయన మళ్లీ ఏ బండీ ఎక్కలేదు.

నిదానం గేటు దగ్గరే నిలబడ్డాడు. ఎండ గోడ పైకి జరిగింది. లోపల ఎవరో గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. ఇంజను ఇంకా చల్లారలేదు, లోపలి లోహం ముడుచుకుంటూ టిక్కు టిక్కుమంటోంది. ట్యాంకు మీద తోలు తొడుగులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, అరచేతుల దగ్గర అరిగి నున్నబడి, వేళ్లు ఇంకా హ్యాండిలు పట్టుకున్నట్టే లోపలికి వంగి.