చూశావా, ఏం చూశావు

మా ఆయన లిఫ్టులు బాగుచేసే జట్టుకి పెద్ద. సాయంత్రం ఇంటికొచ్చాక ఫోను స్పీకరులో పెట్టి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని తన మనుషులతో ఆ రోజు పని గురించి మాట్లాడతారు. నేను ఎదురుగా కూర్చుని కూరలు తరుగుతాను.

ఒకప్పుడు "బ్రేకు చూశావా?" అని అడిగేవారు. "చూశా సార్" అనేవాళ్లు. అలా చూశానన్న లిఫ్టే ఒకటి రెండంతస్తుల మధ్య ఆగిపోయి, అందులో ఒక పెద్దావిడ మధ్యాహ్నమంతా ఇరుక్కుపోయింది. అప్పటి నుంచి ఆయన అడిగే తీరు మారింది. "బ్రేకు దగ్గర ఏం చూశావు?" అంటారు. అడిగి ఊరుకుంటారు. అవతలివాడు నీళ్లు నమిలినా తొందరపెట్టరు. చెప్పాక, "ఇంకా?" అంటారు. ఎంత మొండివాడైనా అక్కడ నోరు విప్పుతాడు. "అరిగిపోయింది సార్, మార్చడం రాక ఊరుకున్నా" అని ఒకడు, "నాతో వచ్చేవాడితో నాకు పడట్లేదు సార్" అని ఇంకొకడు.

వాళ్లని చూస్తే నాకు అసూయగా ఉండేది. నన్ను అడిగేవి వేరు. తిన్నావా, గ్యాస్ కట్టేశావా, మందు వేసుకున్నావా. అన్నిటికీ ఒక్క "ఆ" చాలు.

మా వీధి చివరి లైబ్రరీలో పొద్దుటిపూట పనికి రమ్మని అక్కడి మేడమ్ అడిగింది. మర్నాటికల్లా ఏదో ఒకటి చెప్పాలి. ఆయనతో అంటే, "నీ ఇష్టం. నేనెప్పుడైనా కాదన్నానా?" అన్నారు, మంచి మనసుతోనే. నాకు కావలసింది అనుమతి కాదు. వాళ్లని అడిగినట్టు నన్నొక్కసారి అడగాలి.

ఆ సాయంత్రం ఫోనులో ఉన్నవాణ్ణి అందరూ పొడుగు అంటారు. జట్టులో అందరికన్నా ఎత్తని ఆ పేరు. కొత్త జట్టుకి పెద్దగా ఉండమంటే నాన్చుతున్నాడు.

"నిన్ను వెనక్కి లాగుతున్నదేంటిరా?" అని అడిగి, ఈయన ఊరుకున్నారు.

"చేతకాదేమోనని," అన్నాను నేను. "నలుగురిలో కూర్చున్నాక నాకేం రాదని తేలితే, ఏ మొహం పెట్టుకుని ఇంటికి రావాలి?"

ఆయన తలెత్తారు. ఫోనులోంచి పొడుగు నెమ్మదిగా, "సార్, వదినగారు నా కడుపులోది లాగి బయట పెట్టేశారు. ఇంక నాకు చెప్పడానికేం మిగల్లేదు," అన్నాడు.

"రేపు మాట్లాడదాంరా," అని ఫోను కట్టేసి నావైపు తిరిగారు. "లైబ్రరీ గురించేనా?"

"ఆ."

ఆయన కాసేపు బీన్సు తొడిమలు ఒకచోటికి పోగుచేస్తూ కూర్చున్నారు. "అక్కడ ఏం చెయ్యాలనుంది నీకు?"

"పిల్లలకి పుస్తకాలు చదివి వినిపించాలని. గట్టిగా. అన్నం వడ్డించనా అని అడగడానికే అరిగిపోయింది నా గొంతు."

"ఇంకా?"

ఆ మాట నావైపు రావడం అదే మొదలు. నోరు తెరిచానో లేదో, ఫోను మోగింది. ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారట. ఆయన ఫోను వంకా నా వంకా చూశారు.

"వెళ్లండి. లోపల మనిషున్నారు."

"వచ్చాక చెబుదువుగాని," అంటూ చెప్పుల్లో కాళ్లు దూర్చారు.

వచ్చేసరికి సొమ్మసిల్లేలా ఉన్నారు. తిని పడుకున్నారు. పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి, పనిలో చేరతానని చెప్పాను. "భయమేం లేదుగా?" అంది మేడమ్. ఉందన్నాను.

ఆ "ఇంకా?"కి జవాబు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఆయన ఫోను కట్టేసి బల్ల దగ్గర ఊరికే కూర్చున్న ప్రతిసారీ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో మనసులో సరిచూసుకుంటాను.