మిట్టమధ్యాహ్నం మెట్టతామరలు

నర్సీపట్నంలో మన్మథరావు షేర్ ఆటో కోసం జనం వచ్చిన ఆటో వదిలేసి మరీ నిలబడతారు. వేసవిలో కృష్ణదేవిపేట రోడ్డు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి అందులో వింతేమీ లేదు. మన్మథరావు నీడ పెళ్లి షామియానా అంత ఉంటుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చినా తగ్గదు. అతను టీ తాగడానికి దిగితే చాలు, చెరుకురసం బండివాడు, నిమ్మకాయలమ్మే ముసలమ్మ వచ్చి అందులో సర్దుకుంటారు. వీధికుక్కలు కూడా వాటి వాటా అవి తీసుకుంటాయి. "కొంచెం ఇటు జరగవా బావా" అనేంత చనువు అందరికీ.

ఆ నీడ అక్కర్లేని చోటు ఊరంతటికీ ఒక్కటే, అతని సొంత మేడ. భార్య వరహాలక్ష్మి అక్కడ మామిడి తాండ్ర పెడుతుంది. తాండ్ర పొర మీద పొర ఎండాలి. పెళ్లైన కొత్తలో ఆమెకి సాయంగా కాకుల్ని తోలుదామని మన్మథరావు మేడెక్కాడు. తోలినవాడు తోలినట్టే ఉండక మామిడిరసం పోసిన చాపల పక్కనే కునుకు తీశాడు. రసమంతా బూజు పట్టింది. అప్పటినుంచి మెట్ల దగ్గరే ఆగిపోతాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ అలగలేదు. తాండ్ర అయ్యాక వడియాలు, వడియాలయ్యాక ఒరుగులు, ఎండతో పనిలేని నెల ఆమెకి ఉంటేగా! ఆమె పైన, అతను కింద. కాపురం అలాగే నడిచిపోయింది.

ఈ ఏప్రిల్‌లో ఒకరోజు అన్నం తింటూ మన్మథరావు చెప్పాడు.

"యలమంచిలి స్టేషన్ కాడ మా అప్పలరాజు గది సూసేడు. ఆటో అక్కడే తిప్పుకుంటాను. సోమవారం ఎల్లిపోతాను."

"ఎన్నాళ్లకి?"

"ఎన్నాళ్లేటి వరాలూ! ఇంటికాడ నానున్నా లేకపోయినా నీకు ఒకటే గదా."

వరహాలక్ష్మి మజ్జిగ పోసింది. పోట్లాడడం ఆ ఇంట్లో ఇద్దరూ నేర్చుకోలేదు.

"ఎల్లేలోగా నర్సరీకి తీసుకెళ్లండి. మేడ మీద కుండీల్లోకి మొక్కలు కావాల" అంది.

కోటవురట్ల రోడ్డులో ఉన్న ఆ నర్సరీ జోగులమ్మది. లేత మొక్కల మీద తన నీడ పడకూడదని మన్మథరావు గేటు బయటే ఆగిపోయాడు. జోగులమ్మ ఊరుకోలేదు.

"బేగి రా బావా! గాలికి మా గ్రీన్‌నెట్ సిరిగిపోయింది. కాసేపు ఆ ఫెర్నుల కాడ నిలబడు."

అతను వెళ్లి నిలబడ్డాడు. వరహాలక్ష్మికి ఏం కావాలో విని, జోగులమ్మ చారల ఆకుల మెట్టతామర చూపించింది.

"మేడ మీదకైతే ఈ పసుపుసారల్దే అప్పా. ఎంతెండ తగిల్తే అంత రంగు. పెద్ద కుండీ పెట్టు, పేడగెత్తం దండిగా ఎయ్యి, కింద పళ్లెంలో నీళ్లు ఎండనీకు. ఇంక దాని సంగతి అదే సూసుకుంటాది."

"ఆ మూలున్నవేటి?"

మూలన పందిరి కింద ఇంకొన్ని ఉన్నాయి. ఆకుల మీద సున్నం చిలకరించినట్టు తెల్లచారలు.

"అవొద్దు. సోకే గానీ సత్తా లేదు. పొద్దుటెండకి పరవాలేదు. మద్దేనం ఎండకి తెల్లసార మాడిపోతాది."

"రోజూ మద్దేనం నీడుంటే?"

"నీడుంటే ఇంకేటి! మేడ మీద నీడెక్కణ్ణించొస్తాది?"

వరహాలక్ష్మి పసుపుచారల ఆకుని ఒకసారి తడిమి వదిలేసింది. "తెల్లవే ఇచ్చీ" అంది.

జోగులమ్మ తల కొట్టుకుంది. మన్మథరావుకీ చిరాకేసింది. చెప్తుంటే వినదేం ఈ మనిషి! ఆటోలో దారంతా "పసుపువి బాగున్నాయి గదా" అని నసుగుతూనే ఉన్నాడు. ఆమె కుండీలు ఒరిగిపోకుండా పట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక కుండీలన్నీ మొదటి మెట్టు మీద పెట్టి అతను చేతులు దులుపుకున్నాడు.

"పైకి తెండి" అంది వరహాలక్ష్మి.

"నానా? మరి తాండ్రో?"

"ఆ సివరికి జరిపీసేను. పడమటి పిట్టగోడ కాడ మీకు జాగా ఉంది."

మన్మథరావు ఒక్కో కుండీ మోసుకెళ్లి పిట్టగోడ వెంట పేర్చాడు. అప్పటికి ఎండ నిప్పులు చెరుగుతోంది. అతను పక్కన నిలబడగానే వాడబోతున్న ఆకులు తేరుకున్నాయి.

"సోమవారం మీరెల్లిపోతే ఇవి సచ్చిపోతాయి" అంది ఆమె, కుండీలకేసే చూస్తూ. "పసుపువైతే మీతో పనుండదు. అందుకే ఒద్దన్నాను."

 మన్మథరావు ఫోను తీశాడు.

"అప్పలరాజూ, ఆ గది ఇంకెవరికైనా ఇచ్చీరా."

వరహాలక్ష్మి కిందకెళ్లి రెండు కంచాల్లో అన్నం పట్టుకొచ్చింది. అతను కూర్చోబోయి, నీడ ఎటు పోతుందోనని ఆగి, నిలబడే కంచం అందుకున్నాడు. ఆమె మాత్రం అతని పాదాల పక్కన, కుండీల మధ్య చతికిలబడింది. ఊరు ఊరంతా కూర్చున్న ఆ నీడలో ఆమె కూర్చోవడం అదే మొదలు. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంత సల్లగా ఉంటాదని నాకెవరూ సెప్పలేదేటండీ?" అంది.